ఎడమ జడలో తిరగబడిన పాయ

పోయిన వారం, ఒకప్పుడు మా దళంలో వైర్‌లెస్ చూసిన ఆయన ఇంటి గుమ్మంలో ఆగాం. కాగితం సంచిలో మేజరుగారి స్వెట్టరు పెట్టి ఇచ్చాడాయన. డాక్టరమ్మ ఆ సంచిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బండెక్కింది. దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. బండి నడుపుతున్నది నేను. నాకు నవ్వు రాలేదు.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మేజరుగారు యుద్ధంలో పోయారు. నేను ఆయన జీపు డ్రైవర్ని. ఆయన పోయేనాటికి ఆయన కూతురు డాక్టరమ్మ ఇంకా తల్లి కడుపులోనే ఉంది. మా సైన్యంలో ఒక పద్ధతి ఉండేది. ఆఫీసరు పోతే ఆయన సామానులో కొంత ఇంటికి పంపుతారు. మిగిలింది దళంలోనే వేలం వేస్తారు. వచ్చిన డబ్బు భార్యకు చేరుతుంది. అందుకని ఆ వేలంలో ఎవరూ బేరమాడరు. చెంచాకు గడియారం ధర పాడతారు. అలా పాడుకున్నవాళ్ళు తర్వాత తలో ఊరూ పట్టిపోయారు. సెలవు దొరికినప్పుడల్లా డాక్టరమ్మ నన్ను వెంటేసుకుని వాళ్ళ గుమ్మాలెక్కుతోంది. గడ్డం గీసుకునే అద్దం దొరికింది. మడత కుర్చీ, తోలు బెల్టు, ఈల దొరికాయి. రెజిమెంటువాళ్ళు మేజరుగారి పేరున ఒక గది తెరుస్తున్నారు. ఇవన్నీ అక్కడ అద్దాల బీరువాలో పెడతారు. తండ్రిని చూడని పిల్ల ఆమె. ముక్కా ముక్కా ఏరుకొచ్చి ఆయన్ని నిలబెట్టుకుంటోంది.

ఆఖరి ముక్క ఆ స్వెట్టరు. అది దొరక్కుండా ఉంటే బాగుండునని లోపల్లోపల అనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆదివారం మధ్యాహ్నం రెజిమెంటు నుంచి కెప్టెను వచ్చాడు. కుర్రాడు. మీసం ఇంకా ఎటు తిరగాలో తేల్చుకోలేదు. మర్యాదస్తుడు. చెప్పులు ఎక్కడ విడవాలని అడిగి మరీ విడిచాడు. ప్రతి వస్తువు పక్కనా పెట్టడానికి చిన్న చిన్న అట్టముక్కలు తెచ్చుకున్నాడు. మేజరుగారి భార్య, మా అమ్మగారు, ఒక్కో వస్తువూ చూసి ఇది ఆయనదేనంటే, ఆ సంగతి అట్టముక్క మీద రాసుకుని తీసుకువెళ్ళాలి. అదీ ఆ రోజు పని.

ముందు గదిలో బల్ల మీద తెల్లదుప్పటి పరిచి డాక్టరమ్మ అన్నీ సర్దింది. కిటికీ తెరిచి వెలుతురు బల్ల మీద పడేట్టు చూసింది. ఆమెది పళ్ళ డాక్టరు పని. ఏ పని చేసినా ముందు వెలుతురు చూసుకుంటుంది.

కెప్టెను చేతులకు తెల్లటి నూలు తొడుగులు వేసుకున్నాడు.

"ఏం బాబూ, చలేస్తోందా?" అన్నారు అమ్మగారు.

"కాదమ్మా. చేతి చెమట అంటుకుంటే వస్తువులు పాడవుతాయి."

"ఆయన చెమట అంటినవేగా ఇవన్నీ. ఏం పాడయ్యాయి?"

 తొడుగులు తీయాలో ఉంచాలో తెలియక కెప్టెను ఒకటి తీశాడు, ఒకటి ఉంచుకున్నాడు. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ గోడవైపు తిరిగింది.

మొదట పతకాలు. అమ్మగారు వాటిని గుండీలు దాచుకునే రేకు డబ్బాలో పెట్టుకున్నారు. డబ్బా బోర్లిస్తే గుండీలతో పాటు అవీ గలగలా పడ్డాయి. కెప్టెను గుండీలు ఏరి పక్కన పెట్టి, పతకాల్ని ఒక వరసలో పెట్టాడు. ఏది ముందు ఏది వెనక అన్నదానికి లెక్క ఉంటుంది. ధైర్యానికిచ్చిన పెద్ద పతకం అన్నిటికంటే ముందుకు వచ్చింది. దాని రిబ్బను రంగు వెలిసింది గానీ ముడత లేదు. ఆ పతకం ముందు కెప్టెను నిటారుగా నిలబడ్డాడు. ఎవరూ చెప్పలేదు. అతనికే అలా తోచింది.

"ఇవి మేజరుగారివి అని రాసుకుంటున్నానమ్మా."

"రాసుకో. కానీ అవి ఆయనవి కావు బాబూ, నావి."

"అమ్మా!" అంది డాక్టరమ్మ.

"ఉన్నమాటేగా. ఆయన పోయాక తెచ్చి నా చేతిలో పెట్టారు. వాటిని ఆయన కంటితో కూడా చూడలేదు. ఛాతీ మీద పెట్టుకుని మురిసిందీ లేదు." పెద్ద పతకాన్ని ఆవిడ వేలితో కొద్దిగా జరిపారు. "తీసుకువెళ్ళు బాబూ. ఆయన వేసుకున్నవి, వాడినవి చూపించు. అవి చూస్తాను."

అద్దం ఇచ్చాం. మూల పగిలింది. అందులో మొహం చూసుకుని, "నాకంటే ఇదే ముందు ముసలిదైపోయింది" అన్నారు. బెల్టు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఏ వాసన వచ్చిందో చెప్పలేదు. కుర్చీలో కూర్చోబోతే కెప్టెను కంగారుగా అడ్డొచ్చాడు. కూర్చుంటే విరుగుతుందని అతని భయం. "నేను విరగ్గొట్టేంత లావుగా ఉన్నానా?" అంటే పాపం కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. ఈల మాత్రం ఆవిడ ఊదలేదు. గుప్పిట్లో పెట్టుకుని కాసేపు కూర్చుని, కూతురి చేతిలో పెట్టారు.

అన్నీ ఆయనవే. కెప్టెను రాసుకుంటూ పోయాడు. డాక్టరమ్మ మొహం దీపం వెలిగించినట్టుంది. అప్పుడు కాగితం సంచి తెచ్చింది.

"ఇప్పుడు కళ్ళు మూసుకో అమ్మా."

"ఈ వయసులో నాతో దాగుడుమూతలా?"

"మూసుకోమన్నానా!"

ఆవిడ మూసుకున్నారు. డాక్టరమ్మ స్వెట్టరు తీసి తల్లి ఒళ్ళో పెట్టింది. ఆకుపచ్చ ఊలు. ముందువైపు రెండు జడల అల్లిక, మెడ నుంచి అంచుదాకా. గోడ మీద ఫోటోలో మేజరుగారు వేసుకుని నవ్వుతున్నది ఇదే. వైర్‌లెస్ ఆయన దాన్ని ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. ఎండబెట్టడం, మడతపెట్టడం, అంతే.

అమ్మగారు కళ్ళు తెరవకుండానే చేతులు దాని మీద పెట్టారు. పెట్టీ పెట్టగానే వేళ్ళు ఆగిపోయాయి. 

ఆవిడ అంచు పట్టుకుని సాగదీశారు. వదిలారు. మళ్ళీ సాగదీశారు. కళ్ళు తెరిచి, స్వెట్టరు తిరగేసి లోపలివైపు చూశారు. మళ్ళీ పైకి తిప్పి ఎడమ జడ వెంట వేలు పోనిచ్చారు. ఒకచోట వేలు ఆగింది.

"ఇది నేనల్లింది కాదు" అన్నారు.

డాక్టరమ్మ నవ్వింది. "అదేంటమ్మా! ఫోటో చూడు. జడలు చూడు. నువ్వేగా చెప్పావు, నాన్నకి జడల స్వెట్టరు అల్లి పంపానని."

"అల్లాను. ఇది కాదు. నా చెయ్యి వదులే. నేనల్లింది లాగితే సాగుతుంది. ఇది చూడు, చెక్కలా ఉంది. ఎవరో పళ్ళు బిగబట్టి అల్లినట్టుంది."

"మరి వైర్‌లెస్ ఆయన తప్పు స్వెట్టరు ఇచ్చాడంటావా?"

"అదీ కాదు. ఇటు రా. ఈ ఎడమ జడ చూడు. పాయలన్నీ ఇటునుంచి అటు ఎక్కాయా? ఇక్కడొకటి చూడు, అటునుంచి ఇటు ఎక్కింది. తిరగబడింది. ఇది నా తప్పు. పూర్తయ్యాక చూసుకున్నాను. విప్పి మళ్ళీ అల్లుదామంటే ఆయన సెలవు అయిపోయింది, బయల్దేరుతున్నారు. మగాళ్ళేం చూస్తారులే అని ఊరుకున్నాను." ఆవిడ మా ముగ్గురినీ చూశారు. "తప్పు నాదే. చెయ్యి మాత్రం నాది కాదు. ఇదెలాగ?"

 కెప్టెను రాయబోతున్న అట్టముక్క అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

డాక్టరమ్మ మొహంలో వెలుగు మెల్లమెల్లగా దిగిపోయింది. ఆమె ఏమనుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది. అక్కడ, ఆ కొండల్లో, వాళ్ళ నాన్న కోసం కూర్చుని స్వెట్టరు అల్లిన ఇంకో చెయ్యి ఉంది. దాన్నే ఆయన తొడుక్కున్నారు. తొడుక్కుని ఫోటో దిగి ఇంటికి పంపారు.

"బాబాయ్" అంది.

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"బాబాయ్, నీకు తెలుసు. వైర్‌లెస్ ఆయన ఇంట్లో ఇది చూసినప్పట్నుంచీ నీ మొహం అదోలా ఉంది. ఎవరామె?"

కెప్టెను లేచాడు. "నేను కాసేపు బయట ఉంటానమ్మా."

"కూర్చో బాబూ" అన్నారు అమ్మగారు. "మా ఇంట్లో రహస్యాలుంటే నాకూ ఇప్పుడే తెలుస్తున్నాయి. అందరం కలిసే విందాం."

"బాబాయ్, రోజూ జనాల నోళ్ళు తెరిపించడమే నా పని. నీ నోరు తెరవడానికి ఏ కుర్చీలో కూర్చోబెట్టాలి నిన్ను?" ఆమె నవ్వాలని చూసింది. కుదర్లేదు.  "నాకు ఆయన లేరు బాబాయ్. ఈ బల్ల మీద ఉన్నదే నాకు నాన్న. ఇందులో ఒకటి అబద్ధమైతే మిగతావాటిని నేనెలా నమ్మను? అద్దాల బీరువాలో పెట్టి లోకానికేమని చూపించను?"

అమ్మగారు ఆమెలా కదిలిపోలేదు. స్వెట్టరు ఒళ్ళోనే ఉంచుకుని నన్ను చూస్తూ కూర్చున్నారు. "చెప్పవయ్యా. ఇన్నేళ్ళ తర్వాత నాకేం కాదు. ఆమె ఎవరైనా, చలికి ఆయన్ని కాచింది. దండం పెడతాను."

నేనిక ఉండలేకపోయాను. మేజరుగారు నాతో అన్నమాట ఒకటుంది. నేను పోతే ఈ స్వెట్టరు ఇంటికి పోనివ్వకు, మా ఆవిడ పట్టేస్తుంది, అన్నారు. అందుకే ఇంటికి పంపే మూటలోంచి తీసి వేలం కుప్పలో వేశాను. ఆ మాటకు చివర ఇంకో ముక్క ఉంది. ఎప్పుడైనా తనే కనిపెడితే మాత్రం అబద్ధం చెప్పకు.

ఆవిడ కనిపెట్టారు.

"ఆమె కాదమ్మగారూ" అన్నాను. "అల్లింది సారే."



"ఏ సారు?" అన్నారు అమ్మగారు.

"మన సారే. మేజరుగారు."

"ఆయనా! గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని తిరిగే మనిషి!"

"ఆ పిన్నీసు చేత్తోనే అల్లారమ్మగారూ."

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. కానీ ఆ మధ్యాహ్నం మాట్లాడాను.

ఆ చలికాలం మేము కొండ మీద ఉన్నాం. అవతలివాళ్ళ కుర్రాడొకడు పట్టుబడ్డాడు. ఆఫీసరే, కానీ పిల్లాడు. గడ్డం కూడా సరిగ్గా రాలేదు. ఒళ్ళు కాలిపోతోంది జ్వరంతో. వెనక్కి, క్యాంపుకి పంపాలి. మంచు పడి దారి మూసుకుపోయింది. కొట్టుగదిలో పడేస్తే తెల్లారేసరికి ఉండడు. మేజరుగారు తన బంకరులో పడుకోబెట్టారు. రెండు కంబళ్ళు కప్పినా వాడి వణుకు ఆగలేదు. అప్పుడు సారు తన కోటు విప్పి, లోపలున్న స్వెట్టరు విప్పి, వాడికి తొడిగారు.

"నాదా?" అన్నారు అమ్మగారు.

"మీరల్లిందే."

ఆవిడ తలూపారు. చెప్పు, చెప్పు అన్నట్టు.

వాడు తేరుకున్నాడు. కానీ తీసి ఇమ్మని ఎలా అడుగుతాం? తీస్తే మళ్ళీ చలి పట్టుకుంటుంది. సారుకి బెంగ పట్టుకుంది. నేను సెలవుకి ఇంటికెళ్తే స్వెట్టరేదని అడుగుతుంది డ్రైవరూ, ఏం చెప్పను, అన్నారు. పారేసుకున్నానని చెప్పండి సార్, అన్నాను. ఇన్ని రోజులు కూర్చుని అల్లింది, పారేశానంటే తనకెలా ఉంటుంది, అన్నారు. మరి ఇచ్చేశానని చెప్పండి, అన్నాను. శత్రువుకిచ్చానని చెప్పనా, అన్నారు. 

ఆ మర్నాడు స్టోరు నుంచి రెండు పాత ఆకుపచ్చ స్వెట్టర్లు తెప్పించారు. విప్పేశారు. విప్పిన ఊలు ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది. దాన్ని తడిపి, కొనకు బూటు కట్టి వేలాడదీశాం, సాగి తిన్నగా కావాలని. బంకరు నిండా ఊలూ బూట్లే. స్టోరాయన వచ్చి స్వెట్టర్లేవిరా అంటే ఎలకలు తిన్నాయన్నాను. ఇంత మంచులో ఎలకలెక్కడివిరా అన్నాడు. స్వెట్టర్లు తిన్నాయిగా, ఇంక వాటికి చలేమిటి అన్నాను.

డాక్టరమ్మ పక్కున నవ్వింది. కళ్ళలో నీళ్ళు అలాగే ఉన్నాయి.

"సూదులో?" అన్నారు అమ్మగారు. ఆవిడకి పనిముట్ల మీదే ఉంది ధ్యాస.

"కంచె తీగ లావుది రెండు ముక్కలు కోసి, రాతి మీద అరగదీసి ఇచ్చాను."

"అందుకే ఇంత బిగువు. ఇనప తీగ మీద ఊలు జారదు. ఎవరు నేర్పారు?"

"ఆ కుర్రాడే."

అదీ జరిగింది. వాడికి అల్లిక వచ్చు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, వాడి భాష మాకు రాదు, మా భాష వాడికి రాదు. సారు తీగముక్కలు పట్టుకుని తిప్పలు పడుతుంటే మంచం మీంచి చూసి చూసి, ఉండబట్టలేక చెయ్యి చాపాడు. నేను కాపలా. తుపాకీ పట్టుకోవాలి. కానీ ఊలు పాయ నా రెండు చేతులకూ తగిలించి ఉంది. వాళ్ళు ఉండ చుట్టుకుంటున్నారు. పైనుంచి ఎవరైనా వచ్చి చూస్తే ముగ్గురికీ శిక్ష పడేది.

నమూనా వాడి ఒంటి మీదే ఉంది. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, వాడి ఛాతీ చూస్తూ సారు అల్లేవారు. వెనకవైపు అల్లేటప్పుడు వాణ్ణి గోడవైపు తిప్పేవారు. ఎడమ జడలో ఆ పాయ దగ్గరికి వచ్చారు. వాడు చూసి తల అడ్డంగా తిప్పాడు. తప్పు అని. తీసుకుని విప్పి, సరిచేసి ఇచ్చాడు. సారు మళ్ళీ విప్పి, తిరగబడినట్టే అల్లారు. వాడు మళ్ళీ సరిచేశాడు. సారు మళ్ళీ తిరగేశారు. ఈ మేజరుకి పిచ్చేమోనని వాడు నా మొహం చూశాడు. అప్పుడు సారు వేలికున్న ఉంగరం చూపించారు. తర్వాత వాడి ఛాతీ మీది తిరగబడిన పాయ చూపించారు. వాడికి అర్థమైంది. పట్టుబడ్డాక వాడు నవ్వడం నేను చూసింది అదే మొదలు.

నేను ఆపాను. 

అమ్మగారు ఆ పాయ మీద బొటనవేలు పెట్టి రాస్తూ కూర్చున్నారు. "చూసుకున్నారన్నమాట" అన్నారు. "మగాళ్ళేం చూస్తారులే అనుకున్నాను. చూసుకున్నారు. నాకు చెప్పలేదు."

డాక్టరమ్మ వెళ్ళి తల్లి కుర్చీ పక్కన కింద కూర్చుంది. తల్లి మోకాలి మీద తల పెట్టుకుంది.

"నాది ఆ పిల్లాడికి సరిపోయిందా?" అన్నారు అమ్మగారు.

"చేతులు పొడుగయ్యాయమ్మగారూ. సారు మడతపెట్టారు."

"మడతపెడితే పనిలో జారిపోతుంది. నేనుంటే రెండు కుట్లు వేసేదాన్ని."

ఇంతసేపూ కెప్టెను ఒక్క అక్షరం రాయలేదు. ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఈ స్వెట్టరుకి అట్టముక్క మీద ఏం రాయమంటారు?"

"జరిగింది రాయి."

"జరిగింది రాస్తే..." అతను తల గోక్కున్నాడు. "పట్టుబడినవాణ్ణి తన బంకరులో ఉంచుకున్నారు. వాడి చేతికి ఇనప తీగలిచ్చారు. స్టోరు సామాను విప్పేశారు. పైవాళ్ళు ఇది చదివితే ఊరుకుంటారని చెప్పలేను. అసలు ఆ గదే వద్దనొచ్చు. నేను చిన్నవాణ్ణి, నా మాట చెల్లదు. భార్య అల్లిన స్వెట్టరు అని రాస్తే ఏ గొడవా ఉండదు. ఎవరూ అడగరు." అతను నిజంగా బాధపడుతూనే అన్నాడు. "నేనేమీ వినలేదనుకోండి. మీరెలా చెబితే అలా రాస్తాను."

 అమ్మగారు కూతురి తల నిమిరారు. "గది నీది బుజ్జీ. తిరిగింది నువ్వు. నీకు ఏ నాన్న కావాలో నువ్వే చెప్పు."

డాక్టరమ్మ తలెత్తింది. బల్ల మీద వరసగా ఉన్న పతకాలు చూసింది. వాటి కోసమే రెజిమెంటు ఆ గది ఇస్తోంది. తర్వాత స్వెట్టరు చూసింది. ఎన్ని గుమ్మాలెక్కిందో నాకు తెలుసు. ఒకచోట కుక్క వెంటపడింది. ఒకచోట తలుపు మొహం మీదే వేశారు. అన్ని గుమ్మాలూ ఆ గది కోసమే.

"రాయండి" అంది.

"ఏమని?"

"మేజరుగారు స్వయంగా అల్లింది అని. ఎందుకల్లారో, ఎవరు నేర్పారో కూడా రాయండి. గది లేకపోతే మా ఇంట్లోనే పెట్టుకుంటాం. మా పేషెంట్లు నోరు తెరుచుకుని చూస్తారు."

కెప్టెను మొదటిసారి హాయిగా నవ్వాడు. చేతికి మిగిలిన ఆ ఒక్క తొడుగూ లాగి జేబులో పెట్టుకున్నాడు. పెన్ను తీశాడు. రాస్తూ రాస్తూ నన్నడిగాడు.

"ఆ కుర్రాడి పేరేమైనా గుర్తుందా మీకు?"

ఉంది. బంకరులో మాకు ఇద్దరికీ వచ్చిన వాడి భాష ఆ ఒక్క పేరే. చెప్పాను.

పెన్ను ఆగింది.

"మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాను. ఇంటిపేరుతో సహా.

అతను పెన్నుకి మూత పెట్టాడు. 

"ఆయన బతికే ఉన్నారమ్మా" అన్నాడు మెల్లగా. "వాళ్ళ సైన్యంలో జనరలుగా చేసి దిగిపోయారు. ఇన్నేళ్ళకి రెండు వైపుల ముసలి సైనికుల్నీ కలుపుతున్నారు కదా, వచ్చే నెల వాళ్ళ తరఫున వస్తున్న పెద్దాయన ఆయనే. అతిథుల పేర్లన్నీ నా దగ్గరున్నాయి. ఎన్నో రెజిమెంట్లుండగా మాదే చూస్తానని పట్టుబట్టారట. ఎందుకో మా వాళ్ళకెవరికీ అంతుపట్టలేదు."

"అమ్మా!" డాక్టరమ్మ లేచి నిలబడింది. సంతోషం పట్టలేక తల్లి భుజాలు పట్టుకుని ఊపింది. "విన్నావా! వస్తున్నాడట! నాన్నకి అల్లిక నేర్పినవాడు! నాన్న ఎలా నవ్వేవారో, ఎలా కోప్పడేవారో, అన్నీ అడగొచ్చు. నీ స్వెట్టరు ఉందేమో వాళ్ళింట్లో!"

 అమ్మగారు స్వెట్టరు మడతపెట్టారు. చేతులు రెండూ వెనక్కి మడిచి, మెడ లోపలికి దోపి, నెమ్మదిగా. బల్ల మీద పెట్టారు.

"నేను రాను" అన్నారు.

"అదేంటమ్మా?"

"జ్వరంతో వణికిన పిల్లాడికి ఇంకో పది అల్లమన్నా అల్లుతాను బుజ్జీ. వాడి మీద నాకేం లేదు. కానీ ఆ పెద్దమనిషి ఎదట నిలబడలేను. నిలబడితే అడిగేస్తాను."

"ఏమని?"

"ఏమయ్యా" అని ఆవిడ నా వైపు తిరిగారు. "మంచు కరిగాక వాణ్ణేం చేశారు?"

"వదిలేశారమ్మగారూ. అటువాళ్ళు మనవాళ్ళని వదిలారు, ఇటు మనం వాళ్ళని వదిలాం."

"వాడు తిరిగి తన దళంలోకే వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

"ఆ తర్వాతేగా వాళ్ళు కొండ మీదికి ఎక్కి వచ్చింది. మీ సారు పోయింది."

డాక్టరమ్మ చేతులు తల్లి భుజాల మీంచి జారిపోయాయి. 

"ఆ వచ్చినవాళ్ళలో నువ్వున్నావా అని అడుగుతాను ఆయన్ని" అన్నారు అమ్మగారు. "అతిథిగా పిలిచి అలా అడగకూడదు కదా. అందుకే రానంటున్నాను." ఆవిడ కుర్చీలో ముందుకు జరిగారు. "ఆయన్ని అడగకుండా ఉండాలంటే ఇప్పుడు నిన్నడగాలి. ఆ రోజు నువ్వూ అక్కడే ఉన్నావు. వాడి మొహం నీకు తెలుసు. నేనల్లింది వాడి ఒంటి మీదుంటే ఎంత దూరం నుంచైనా గుర్తుపడతావు."

ఆవిడ చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు. ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి. వెచ్చగా ఉంది.

"చూశావా?"